అంతటా ఉన్నవాడికి ఒక కొండ ఎందుకు

పోయిన ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తున్నప్పుడు మా మేనల్లుడు నన్నొక ప్రశ్న అడిగాడు. హనుమంతవాక దాటి సముద్రం వైపు దిగుతున్నాం, రాత్రి 11 దాటుంటుంది, సన్నగా వాన, కాళ్లకి చెప్పుల్లేవు, ముందూ వెనకా కనుచూపు మేర జనమే, ఎవరో వెనకాల నుంచి సింహాద్రి అప్పన్నా అంటే ముందున్నవాళ్లంతా గోవిందా అని అందుకుంటున్నారు. వాడు పుణేలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఇంటికొచ్చినవాడు నేనూ నడుస్తా అని బయల్దేరాడు. అప్పటిదాకా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడిచినవాడు అవి తీసి జేబులో వేసుకుని అడిగాడు.

"మావయ్యా, దేవుడు అంతటా ఉన్నాడని చెప్పింది ప్రహ్లాదుడే కదా. ఈ స్తంభంలో ఉన్నాడా అంటే ఉన్నాడన్నాడు. మరి ఆ ప్రహ్లాదుడి దేవుడికే ఒక కొండ ఏంటి, ఆ కొండ చుట్టూ మనం 32 కిలోమీటర్లు నడవడం ఏంటి? అంతటా ఉంటే మన ఇంట్లోనూ ఉన్నట్టే కదా."

నేను నోరు తెరిచేలోపే మళ్లీ వాడే అన్నాడు, "ఆవు ఒంటినిండా పాలున్నా పొదుగు దగ్గరే పితకాలి అని మాత్రం చెప్పకు. చిన్నప్పట్నుంచీ ప్రవచనాల్లో వింటూనే ఉన్నాను."

నేను చెప్పబోయింది సరిగ్గా అదే. ఆగిపోయాను. ఆ ఉదాహరణ తప్పని కాదు, పెద్దలు ఊరికే చెప్పరు, కానీ వాడి ప్రశ్నకి అది చాలదు. ఎందుకంటే పొదుగు దగ్గర పాలు ఎక్కువున్నట్టు గుడి దగ్గర దేవుడు ఎక్కువున్నాడు అని అర్థం వస్తుంది దాంట్లో, అప్పుడు మిగతా చోట్ల తక్కువున్నట్టే కదా. ప్రహ్లాదుడు అలా చెప్పలేదు. ఆ రాత్రి నేనేదో సర్ది చెప్పి నడిపించేశాను గానీ ఆ ప్రశ్న నాలోనే ఉండిపోయింది, ఇన్ని నెలలు తిప్పి తిప్పి ఆలోచించాక నాకు తోచింది ఇక్కడ రాస్తున్నా. వాడు చదువుతాడని తెలుసు.

ముందు కొండ సంగతి. మా ఉత్తరాంధ్ర వాళ్లకి సింహాచలం అంటే యాత్రాస్థలం కాదు, ఇంటిపేరు లాంటిది. నేను చదివిన బడిలో హాజరు పిలిస్తే అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలస్వామి, సింహాద్రి, సింహాచలం, అప్పలనరసమ్మ, ఒక్కో పేరుకి ఇద్దరు ముగ్గురు పలికేవాళ్లు. వరాహ లక్ష్మీనృసింహస్వామి అనే పూర్తి పేరు పూజారి గారి నోట వినడమే, మాకు ఆయన అప్పన్న. ఇంట్లో పెద్దన్నని పిలిచినట్టు. ఒడిశా నుంచి కూడా జనం వస్తారు, వాళ్లకీ అంతే దగ్గర. ఎవరి ఇంట్లో ఆవు కోడెదూడని ఈనినా కొండకి ఇచ్చేస్తామని మొక్కుకునేవాళ్లు, ఇప్పటికీ ఇస్తున్నారు.

స్థలపురాణం ఏం చెప్తుందంటే హిరణ్యకశిపుడు కొడుకుని సముద్రంలోకి తోయించి, పైకి రాకుండా ఈ కొండని మీద పెట్టించాడట, అప్పుడు స్వామి వచ్చి కొండనెత్తి పిల్లాణ్ణి కాపాడాడట. ఈ కథని నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, కానీ నడుస్తున్నప్పుడు ఆ రాత్రి మొదటిసారి ఒక విషయం తట్టింది. మనం చుట్టూ తిరుగుతున్నది పిల్లాడి మీద పెట్టిన బరువు చుట్టూ. వాణ్ణి అణచడానికి తెచ్చిన కొండే గుడయ్యింది. ప్రహ్లాదుడు అంతటా ఉన్నాడు అని ఏసీ గదిలో కూర్చుని అనలేదు, ఏనుగులతో తొక్కించాక, విషం పెట్టాక, కొండమీంచి తోశాక అన్నాడు. ఆ మాటకి అంత బలం అందుకు వచ్చింది. మనం అదే మాటని సోఫాలో కూర్చుని అంటాం, అంతటా ఉన్నాడు కాబట్టి నేను ఎక్కడికీ వెళ్లక్కర్లేదు అని. మాట ఒకటే. కానీ ఆ పిల్లాడు చెప్పినప్పుడు అది సాక్ష్యం, మనం చెప్పేటప్పుడు చాలాసార్లు అది కదలకుండా ఉండటానికి ఒక సాకు. నన్ను నేను కూడా కలుపుకునే చెప్తున్నా.

ఇంకో మాట కూడా వాడు వేరే సందర్భంలో అన్నాడు, వాడి స్నేహితులు కూడా అంటారట. పొగిడించుకునే దేవుడు ఏం దేవుడు, అంత గొప్పవాడికి మన స్తోత్రాలు ఎందుకు అని. ఇది నాకు చాలా ముఖ్యమైన ప్రశ్న అనిపిస్తుంది, తేలిగ్గా తీసెయ్యకూడదు. కానీ కథని సరిగ్గా చూస్తే అందులో పొగడ్త కోరుకున్నవాడు ఒకడు ఉన్నాడు, వాడు హిరణ్యకశిపుడు. మూడు లోకాలూ నా పేరే తలవాలి అన్నది వాడు. దేవుడు ఆ కథలో ఎక్కడా నన్ను పొగుడు అని ప్రహ్లాదుణ్ణి అడగలేదు. భాగవతం ఏడో స్కంధంలో ఆ రాక్షసుణ్ణి చంపాక స్వామి కోపం చల్లారక కూర్చుంటే బ్రహ్మాదులు దూరం నుంచి స్తోత్రం చేస్తారు, లక్ష్మీదేవి కూడా దగ్గరికి వెళ్లడానికి జంకుతుంది, చివరికి ఆ చిన్నపిల్లాణ్ణి పంపిస్తారు. వాడు వెళ్లి కాళ్ల మీద పడితే ఆ చెయ్యి, గోళ్లకి ఇంకా నెత్తురు ఉన్న ఆ చెయ్యి, వాడి తల మీదకి వస్తుంది. అప్పుడు వాడి నోట్లోంచి స్తోత్రం వస్తుంది. ముందు స్పర్శ, తర్వాత స్తుతి. ఈ వరస నాకు చాలా ఇష్టం.

మొదటిసారి కైలాసగిరి మీంచి సముద్రాన్ని చూసినవాళ్ల ముఖం ఎప్పుడైనా గమనించారా? అబ్బ అంటారు. సముద్రానికి ఆ అబ్బ అక్కర్లేదు, అనకపోతే అల ఒకటి తగ్గదు. అయినా నోట్లోంచి వచ్చేస్తుంది, ఎందుకంటే మనకంటే ఇంత పెద్దది ఎదురుగా ఉంటే మనిషి మూగగా ఉండలేడు. స్తోత్రం అంటే నా దృష్టిలో ఆ అబ్బకి మాటలు దొరకడమే. దేవుడి గొప్పతనం మన పొగడ్తతో పెరగదు, మన కొలత సరిపడుతుంది అంతే. రోజంతా ఆఫీసులో, ఇంట్లో, ఫోన్లో నేను నేను అని తిరిగే మనిషి ఒక్క పావుగంట నువ్వు నువ్వు అంటాడు. అది దేవుడికి చేసే ఉపకారం ఎలా అవుతుంది?

ఈ స్వామి మీద పాతకాలంలో ఒక శతకకారుడు నిలదీస్తూ, ఎత్తిపొడుస్తూ పద్యాలు రాశాడు, శత్రుసైన్యం మీద పడుతుంటే నీకు పట్టదా అని. వాటిని కూడా మా వైపు భక్తి పద్యాలుగానే చదువుకుంటారు. అదీ స్తుతే మరి, తిట్టగలిగేంత దగ్గరగా ఉన్నవాణ్ణే తిడతాం.

ఇప్పుడు చందనం సంగతి చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా దీని మీదే నిలబడింది.

సింహాచలం వెళ్లనివాళ్లకి ఇది వింతగా ఉంటుంది. అక్కడ మూలవిరాట్టు ఏడాదంతా చందనం పూత కిందే ఉంటాడు. వరాహ ముఖం, మనిషి ఒళ్లు, సింహం తోక ఉన్న రూపం అది, కానీ మనకి కనిపించేది గంధపు ముద్ద, చూడ్డానికి శివలింగంలా ఉంటుంది. వైశాఖ శుద్ధ తదియ, అదే అక్షయ తృతీయ, ఆ ఒక్కరోజు తెల్లవారుజామున చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు. ఆ రాత్రి మళ్లీ కొండ మీది గంగధార అనే ఊట నీళ్లతో సహస్ర ఘటాభిషేకం చేసి మొదటి విడత చందనం పూస్తారు, మూడు మణుగులు, అంటే దాదాపు 125 కిలోలు. తర్వాత వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి మూడు. అంతా కలిపి 12 మణుగులు. పురూరవుడు పుట్టలో ఈ విగ్రహాన్ని కనుక్కున్నప్పుడు, తీసిన మట్టికి బదులు చందనం పూయమని ఆకాశవాణి చెప్పిందని కథ.

అంటే ఏమయ్యింది? ఏడాదిలో ఒక్కరోజు తప్ప మిగతా రోజులన్నీ అన్ని మెట్లెక్కి, క్యూలో గంటలు నిలబడి, మనం చూసేది దేవుణ్ణి కప్పిన గంధాన్ని. అయినా ఇప్పటిదాకా ఒక్క మనిషి బయటికొచ్చి నాకు దర్శనం కాలేదు అని అనగా నేను వినలేదు. దర్శనం బాగా అయ్యింది అంటారు. మరి ఏం చూశారు? నా మటుకు నాకు ఈ గుడి చెప్పేది ఇదే అనిపిస్తుంది: గొప్పదాన్ని పూర్తిగా చూసేశాం అనుకునే హక్కు మనకి లేదు, కప్పి ఉన్నా అక్కడే ఉన్నాడు, కనబడనిదాని ముందు కూడా చేతులు జోడించడం నేర్చుకో. అన్నీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టే ఈ రోజుల్లో ఇంత పట్టుదలగా తన దేవుణ్ణి కప్పి ఉంచే గుడి ఒకటి ఉండటం నాకు ఎంతో ధైర్యంగా ఉంటుంది.

మా మామ్మ, అంటే మా నాన్న వాళ్లమ్మ, గజపతినగరం దగ్గర పల్లెటూరు. ఆవిడ జీవితంలో ఒక్కసారి కూడా నిజరూప దర్శనానికి వెళ్లలేదు. మామూలు రోజుల్లో ఎన్నిసార్లు వెళ్లిందో తెలీదు, పంట చేతికొస్తే వెళ్లేది, మనవడు పుడితే వెళ్లేది, జ్వరం తగ్గితే వెళ్లేది. ఒకసారి మా నాన్న ఈసారి చందనోత్సవానికి తీసుకెళ్తానమ్మా అంటే ఆవిడన్నమాట నాకింకా గుర్తుంది. "ఆయన ఉగ్రం సల్లారాలని కదేట్రా సందనం ఏసింది. అది తీసిన పూటే ఎల్లి సూడాలేటి? నాకు సందనం అప్పన్నే సాలు." చదువు రాని మనిషి. నిజరూపం కోసం కొట్టుకునేవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

చివర్లో ఆవిడ మంచం పట్టింది, ఐదారు నెలలు. మా ఊరికి సింహాచలం దక్షిణాన ఉంటుంది. మామ్మ మంచం దక్షిణం కనబడేలా తిప్పమంది. అలా తిప్పాలంటే తల ఉత్తరానికి వస్తుంది, ఉత్తరం తలపెట్టి బతికున్న మనిషిని పడుకోబెట్టకూడదు, ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు, అందులోనూ జబ్బు మనిషి, దక్షిణం యముడి దిక్కు అని మా పెద్దత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. మామ్మకి కోపం వచ్చింది. "ఎవుడి దిక్కో నాకు సెప్పకండి, అది అప్పన్న దిక్కు" అంది. ఆఖరికి తల తూర్పుకి ఉంచి, ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకునేది, అలా అయితే ముఖం దక్షిణానికి వస్తుంది కదా. గోడ తప్ప ఏమీ కనబడదు అటు. సున్నం గోడ, ఒక మేకు, దానికి పాత కేలండర్. పోయిన రోజు కూడా అటే తిరిగి ఉంది.

ఒరే నాన్నా, నీ ప్రశ్నకి సమాధానం నాకు ఆ గోడ దగ్గర దొరికింది. కొండ దగ్గర దేవుడు ఎక్కువ ఉండడు, ఇంట్లో తక్కువా ఉండడు. కొండ దగ్గర మనం ఎక్కువ ఉంటాం. ఇన్నిసార్లు కాళ్లు నొప్పులు పుట్టేలా అక్కడికి వెళ్లొచ్చింది కాబట్టే మామ్మకి లేవలేని రోజున సున్నం గోడలో కూడా ఆయన కనబడ్డాడు. ఒక చోటంటూ లేకపోతే దిక్కంటూ ఉండదు, దిక్కు లేకపోతే అంతటా అన్న మాట గాల్లో ఉండిపోతుంది, ఎటు తిరిగి దణ్ణం పెట్టాలో తెలీదు. దిక్కులేనివాడు అని మనం ఎవర్ని అంటామో చూడు, దేవుడే దిక్కు అని ఎప్పుడు అంటామో చూడు, మన భాషకే ఇది తెలుసు.

ఇంకో వాదన ఉంది, ఇది నేను కాస్త గట్టిగానే చెప్తాను. దేవుడు అంతటా ఉన్నాడు, గుడికే రావాలని ఏముంది అనే మాట మన దేశంలో చాలాకాలం కొంతమందిని గుడి బయట నిలబెట్టడానికి వాడారు. అక్కడ్నుంచే దణ్ణం పెట్టుకోండి, ఆయనకి వినబడుతుంది అని. తరతరాలుగా ఊరి గుడి గడప తొక్కనివ్వని మనుషులకి గుడి అంటే ఏంటో మనకంటే బాగా తెలుసు. మా నాన్న స్నేహితుడు ఒకాయన ఉండేవారు, వాళ్ల తాతగారు ఊళ్లో గుడి ప్రహరీ బయట వేపచెట్టు కిందే కొబ్బరికాయ కొట్టి వెళ్లిపోయేవారట జీవితమంతా. మా ప్రాంతం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది, అక్కడ ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. చట్టం వచ్చినంత మాత్రాన గడప దాటనిచ్చారని కాదు, దానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. నాన్న స్నేహితుడు తను మొదటిసారి లోపలికి వెళ్లిన రోజు గురించి చెప్తూ గొంతు పట్టేసి ఆపేశారు, నేను అప్పుడు చిన్నవాణ్ణి, దేవుణ్ణి చూస్తే ఏడుపెందుకు అనుకున్నాను. ఆయనకి దేవుడు కొత్త కాదు, వేపచెట్టు కింద కూడా దేవుడున్నాడు. ఆయన ఏడ్చింది తను కూడా అందరి పక్కనా నిలబడ్డందుకు. గుడి ముఖ్యం కాదు అని చెప్పగలిగేది ఎప్పుడూ గుడి తలుపు మూయించుకోనివాళ్లే.

ప్రహ్లాదుడి స్తోత్రంలో కూడా ఇదే ఉంది. డబ్బు, పుట్టుక, అందం, పాండిత్యం, ఇవేవీ నిన్ను మెప్పించడానికి చాలవు, భక్తి ఒక్కటే చాలు అని మొదట్లోనే అంటాడు, అసురుల ఇంట్లో పుట్టినవాడు ఆ మాట అనడం చూడండి. తర్వాత నన్ను నిలవనీయకుండా చేసే మాట ఒకటి అంటాడు. మునులు ఎవరి ముక్తి కోసం వాళ్లు అడవుల్లో మౌనంగా కూర్చుంటారు, నేను మాత్రం ఈ దీనులందర్నీ వదిలేసి ఒక్కణ్ణే ముక్తి పొందాలనుకోవట్లేదు అంటాడు. ఒక్కణ్ణే వద్దు. ఇంట్లో తలుపేసుకుని చేసే ధ్యానం మంచిదే, నేను కాదనను, నేనూ చేస్తాను, కానీ అందులో మన పక్కన ఎవరూ ఉండరు. గుడి క్యూలో ఎవరు పక్కన నిలబడతారో మనం ఎంచుకోలేం. చంటిపిల్లతో వచ్చిన ఒడిశా ఆవిడ, విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో మనిషిని పెట్టుకుని వచ్చినవాడు, పరీక్ష తప్పినవాడు, తాగుడు మానతానని ఒట్టేసుకోడానికి వచ్చినవాడు. అక్కడ కప్పస్తంభం ఉంది, సంతానం లేనివాళ్లు దాన్ని కౌగిలించుకుని మొక్కుకుంటారు. రాతిస్తంభాన్ని పట్టుకుని కళ్లు మూసుకున్న మనిషి ముఖం మీరు దగ్గర్నుంచి చూస్తే స్తంభంలో దేవుడున్నాడా అని అడగరు.

గోడల మీద శాసనాలు చూసినా అదే. 11వ శతాబ్దం చివర్లో కులోత్తుంగ చోళుడి కాలంనాటి శాసనం ఉంది అక్కడ. ఇప్పుడు మనం చూసే గుడికి ఈ రూపం వచ్చింది ఎక్కువగా 13వ శతాబ్దంలో, తూర్పు గాంగుల కాలంలో, కోణార్కలో సూర్యదేవాలయం కట్టించిన మొదటి నరసింహదేవుడి వంశం వాళ్లు. 1516లో కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో వచ్చి నగలు సమర్పించాడు, మళ్లీ 1519లో వచ్చాడు. చోళులు, గాంగులు, గజపతులు, రాయలు, వీళ్లు ఒకళ్లతో ఒకళ్లు యుద్ధాలు చేసుకున్నవాళ్లు. కొండమీద మాత్రం ఒకే గోడ మీద ఉన్నారు. రాజుల పక్కనే దీపం వెలిగించడానికి ఇచ్చిన దానాల శాసనాలు కూడా ఉన్నాయి, నా తర్వాత కూడా ఆ దీపం వెలగాలి అని. అలా ఆశపడటానికి కూడా ఒక చోటు కావాలి కదా.

చెప్పకుండా దాటెయ్యలేని సంగతి ఒకటుంది. 2025 ఏప్రిల్ 30, చందనోత్సవం. తెల్లవారకముందు వాన, క్యూలైన్ పక్కన గోడ కూలి ఏడుగురు పోయారు. టికెట్ కొనుక్కుని నిజరూపం కోసం నిలబడ్డవాళ్లు. ఆ పొద్దున టీవీ ముందు కూర్చుని నేను మా మామ్మని తలుచుకున్నాను, ఆ ఏడు ఇళ్లనీ తలుచుకున్నాను, ఇప్పటికీ అక్షయ తృతీయ అంటే నాకు ముందు అదే గుర్తొస్తుంది. మా మేనల్లుడు ఆ రోజు ఫోన్ చేసి "ఆయన అక్కడే ఉన్నాడుగా మావయ్యా" అన్నాడు. ఎగతాళి కాదు, వాడి గొంతు బాలేదు. నా దగ్గర సమాధానం లేదు, ఇప్పుడూ లేదు, ఉన్నట్టు నటించను.

కానీ ఒకటి మాత్రం చెప్తాను. అలాంటప్పుడు దైవనిర్ణయం అనే మాట ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పునాది సరిగ్గా లేని గోడ పక్కన మనుషుల్ని నిలబెట్టడం దేవుడి నిర్ణయం కాదు. దేవుడు గొప్పవాడు అని నిజంగా నమ్మేవాడు ఆయన ముందు నిలబడే మనిషి ప్రాణాన్ని అంత గొప్పగా చూసుకోవాలి, ఇటుక ఇటుకకీ భయపడాలి. గాంగుల కాలంలో కట్టిన రాయి ఇన్ని వందల ఏళ్ల వానలకి చెక్కుచెదరలేదు, కట్టినవాళ్లు దాన్ని పూజ అనుకుని కట్టారు. పవిత్రస్థలం అనడానికి మొదటి లక్షణం అక్కడికి వచ్చినవాడు క్షేమంగా ఇంటికెళ్లడం. వీఐపీ పాసులూ, ప్రోటోకాల్ దర్శనాలూ, ఉచిత క్యూలో ముసలివాళ్లు ఎండలో నిలబడటం, ఇవన్నీ కూడా నాకు ఇదే కోవలోకి వస్తాయి. డబ్బు, పుట్టుక లెక్కలోకి రావని ఆ పిల్లాడు చెప్పిన చోటే మనం టికెట్ ధరని బట్టి వరసలు కడితే అది స్తోత్రంలో తప్పు చదవడం లాంటిది.

గుడి అని రాస్తున్నాను గానీ నా మనసులో గుడి ఒక్కటే లేదు. విశాఖ పోర్టు దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని మీద వెంకన్న, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద రాస్ హిల్ మేరీమాత. ఓడరేవులోకి వచ్చేవాళ్లకి ఆ మూడూ ఒకేసారి కనిపిస్తాయి. ఒక్కోసారి సాయంత్రం అటు వెళ్తే అనిపిస్తుంది, మనిషికి తనకంటే గొప్పదాన్ని తలవాలంటే కాళ్లు పైకి ఎక్కాలనిపిస్తుంది, అది ఏ మతంవాడికైనా ఒకటే.

ఆ రాత్రి సంగతికొస్తా. అప్పుఘర్ దగ్గర సముద్రంలో స్నానం చేశాం, తడిబట్టలతోనే ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార. మాధవధార దాటేసరికి వాడి పాదాలు బొబ్బలెక్కాయి. దారిపొడుగునా జనం ఇళ్లముందు బల్లలేసుకుని మజ్జిగ, పులిహోర, టీ, అరటిపళ్లు ఇస్తున్నారు, ఒకచోట ఒక పెద్దాయన స్టూలు మీద కూర్చోబెట్టి వచ్చినవాళ్ల కాళ్లకి నొప్పి మందు రాస్తున్నాడు, ఎవరు ఏమిటని అడగడు, పాదం చూస్తాడు, రాస్తాడు, తర్వాతవాళ్లు. మావాడి పాదం కూడా పట్టుకున్నాడు, వాడు సిగ్గుపడి అంకుల్ మీరొద్దు నేను రాసుకుంటా అంటే "ఊరుకో బాబూ, ఈ ఒక్కరాత్రి మాకు వదిలెయ్యండి" అన్నాడు. గోపాలపట్నం దాటాక ప్రహ్లాదపురం వస్తుంది, ఆ పేరు బోర్డు చూసి వాడు ఆగి ఫొటో తీసుకున్నాడు, ఏమీ అనలేదు.

తెల్లారేటప్పటికి కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా చేరాం. ఆషాఢ పౌర్ణమి. చివరి విడత చందనం పూసే రోజు, అంటే ఏడాది మొత్తంలో స్వామి పూర్తిగా కప్పబడే రోజు, ఆ రోజునే ఇన్ని లక్షల మంది ఆయన చుట్టూ తిరుగుతారు. మధ్యాహ్నానికి గానీ దర్శనం కాలేదు మాకు. రెండు క్షణాలు. గంధం, నామం, పువ్వులు, జరగండి జరగండి. బయటికొచ్చి గంగధార వైపు నడుస్తుంటే ఎలా అయిందిరా అని అడిగాను. "చందనం కనబడింది మావయ్యా" అన్నాడు. కాసేపాగి "బానే అయింది" అన్నాడు.

పోయిన నెలలో ఒకరాత్రి పుణే నుంచి ఫోన్ చేశాడు. వాడి రూమ్మేట్ వాళ్ల నాన్నకి ఆపరేషన్ అట, ఆ అబ్బాయి ఊరికి వెళ్లిపోయాడు, మావాడు గదిలో ఒక్కడే ఉన్నాడు. మాటల మధ్యలో మామ్మ మంచం సంగతి మళ్లీ చెప్పమన్నాడు, చెప్పాను. తర్వాత అడిగాడు, "ఇక్కణ్ణుంచి సింహాచలం ఎటు వస్తుంది?"

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి మ్యాప్ తెరిచి చూశాను. తూర్పుకిరా, కాస్త దక్షిణంగా, అని చెప్పాను. కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది.